దిగేదానికి రెండు కర్రలు

మైసూరు
3 నవంబరు 2024

చిన్నాయనకు నమస్కారం.

ఎక్కేటప్పుడు పడని మనిషి దిగేటప్పుడు ఎందుకు పడతాడు? ఈ ప్రశ్న నన్ను ఏళ్ళ తరబడి వదలలేదు. నాయన ఆవని కొండమీద పడినప్పటి నుంచీ అనుకో. గనిలో బతుకంతా నిచ్చెనలు దిగిన మనిషి, ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని దిగే కొండ దిగలేకపోవడం నా బుద్ధికి అందలేదు. అప్పుడు నేనిక్కడ ఎం.ఏ. పరీక్షలు రాస్తున్నాను. చూడలేదు. కళ్ళతో చూడనిదాన్ని మనసు ఊరికే చూస్తూ ఉంటుంది.

ఆ ప్రశ్నకు ఇప్పుడు సగం జవాబు దొరికింది, నా మోకాళ్ళ పుణ్యమా అని. నలభై దాటాక అవి నాతో మాట్లాడటం మొదలుపెట్టాయి. మా కాలేజీలో కొందరు సెలవుల్లో కొండలెక్కుతారు, వాళ్ళతో పోతున్నాను. ఎక్కడం ఊపిరి పని, దిగడం మోకాలి పని. దిగే ప్రతి అడుగుకూ ఒంటి బరువంతా ఒక మోకాలిమీదే వచ్చి కూర్చుంటుంది. చేతిలో రెండు కర్రలుంటే ఆ బరువులో కొంత భుజాలు పంచుకుంటాయి. మొదటిసారి కర్రలతో దిగిన మర్నాడు మా ఇంటి మెట్లు ఏ బాధా లేకుండా దిగాను. నాకే నమ్మకం కలగలేదు.

పిన్నమ్మ మొక్కు సంగతి నీ మనవరాలు రక్షిత చెప్పింది. నీ కంటి ఆపరేషన్ బాగా జరిగితే ఆవని కొండమీద సీతమ్మకు దీపం పెడతానని పిన్నమ్మ మొక్కుకుంది, తను ఎక్కలేదు కాబట్టి శివరాత్రికి నువ్వు ఎక్కుతున్నావు. ఇన్నేళ్ళూ ఆ కొండవైపే పోనివాడివి. అందుకే ఒక జత ట్రెక్కింగ్ కర్రలు పంపుతున్నాను. ఫోన్‌లో నీకు వినపడదు గనక ఎలా వాడాలో ఇక్కడే రాస్తాను. ఎక్కేటప్పుడు కర్రను కాస్త పొట్టి చేసుకో, దిగేటప్పుడు కాస్త పొడుగు. పిడి దగ్గర పట్టీ ఉంది చూడు, దానిలోకి చెయ్యి కిందినుంచి పెట్టి, పట్టీతో కలిపి పిడిని పట్టుకోవాలి. అప్పుడు బరువు వేళ్ళమీద కాక మణికట్టుమీద పడుతుంది. దిగేటప్పుడు ముందు కర్ర, తర్వాత కాలు.

రెండు కర్రలుంటే ఇంకొకరి చెయ్యి అక్కర్లేదు చిన్నాయనా. అదే వాటి గొప్ప.

పిన్నమ్మను అడిగానని చెప్పు.

నీ రత్న

*

కె.జి.ఎఫ్.
19 నవంబరు 2024

రత్నమ్మకు చిన్నాయన గంగప్ప రాసేది. ఈడ అందరం ఉండాము. మీ పిన్నమ్మ మోకాళ్ళు మాత్రం ఉండీ లేనట్టే ఉండాయి.

పార్సెలు వచ్చింది. రక్షిత నరసాపురం బండ్ల కంపెనీ బస్సు దిగి వచ్చి విప్పింది. నా మనవరాలికి బండ్లు బిగించేది తెలుసు కాబట్టి అదీ బిగించేసింది. పక్కింటి ఫ్రాంక్లిన్ గోడమీదినుంచి చూసి, "ఏం మామా, చేపలకు పోతా ఉండావా? కె.జి.ఎఫ్.లో నీళ్ళు యాడుండాయప్పా" అన్నాడు. మీ పిన్నమ్మ ఒకటి లాగి పొడుగు చేసి అటకమీద బెల్లం డబ్బా దించుకునింది. "ఇంతకాలానికి మీ ఇంటోళ్ళు పనికొచ్చే సామాను పంపినారు" అనింది. ఆమె మాట నీకు తెలిసిందే కదా.

ఇంగ నా మాట. గనిలో కర్ర ఉండేది ఇద్దరి చేతిలోనే. ఒకడు మేస్త్రి. ఇంగొకడు డాక్టరు అన్‌ఫిట్ రాసి ఇంటికి పంపించినోడు. మేస్త్రి కర్ర ఊపుకుంటా వచ్చేవాడు, అన్‌ఫిట్టోడు ఊనుకుంటా పోయేవాడు. నేను మేస్త్రిని కాలేదు. అన్‌ఫిట్టూ కాలేదు. గని మూసిన రోజు దాకా కేజీ బోనులో కిందికి దిగినాను. నన్ను యా లెక్కలో వేసినావమ్మా?

ఎక్కేటప్పుడు పడనోడు దిగేటప్పుడు ఎందుకు పడతాడని అడిగినావు. ఇంగొకరి చెయ్యి అక్కర్లేదని కూడా రాసినావు. ఆ రెండు మాటలూ మళ్ళా మళ్ళా చదివినాను. నీకు అక్షరాలు బడిలో నేర్పించినారు. నాకు నేర్పించింది మీ నాయన. సాయంత్రం షిఫ్టు ముగించుకోని వచ్చి పలకమీద దిద్దించేవాడు. అన్న నేర్పించిన అక్షరాలతోనే అన్న బిడ్డ నన్ను అడగాల్సింది అడిగేసింది అనుకున్నాను. మీ అమ్మ మొఖమ్మీద అడిగింది. నువ్వు చదువుకున్నదానివి, పార్సెలు కట్టి అడిగినావు.

ఒక కర్ర చిక్కుడు తీగకు నాటినాను. బాగా అల్లుకుంటా ఉండాది. ఇంగొకటి బెల్లం డబ్బాకు.

చిన్నాయన

*

మైసూరు
1 డిసెంబరు 2024

చిన్నాయనా,

నీ ఉత్తరం స్టాఫ్‌రూమ్‌లో చదివాను. చదవకుండా ఇంటికి తీసుకుపోవలసింది.

నేను మోకాళ్ళ గురించి రాశాను. నువ్వు వేరేది చదివావు. ఆ రెండో అర్థం నాకు తోచనే లేదని ఒట్టు పెట్టి చెప్పగలను. అని రాశాక మళ్ళీ చదువుకుంటే ఒట్టు పెట్టడానికి చెయ్యి రావడం లేదు. నిన్ను నొప్పించాలని మాత్రం కాదు, ఇది నమ్ము.

మా అమ్మ నీ ఇంట్లో నీళ్ళు ముట్టకుండానే పోయింది, నాకు తెలుసు. వెనక దిగుతున్న జాతర జనం చెప్పిన మాట పట్టుకుంది: "తమ్ముడు ముందరే నిలబడుండాడు, చెయ్యి ఇచ్చుంటే పడుండడు" అని. నాయన తుంటి విరిగి మంచాన పడి, ఆ వానలు దాటకుండా పోయేసరికి అమ్మకు ఆ ఒక్క మాటే మిగిలింది. నేను దాన్ని నమ్మానని నీకెప్పుడైనా చెప్పానా? నమ్మలేదనీ చెప్పలేదు, నిజమే. అడగకపోవడం మర్యాద అనుకున్నాను. మర్యాద అనుకుని ఎన్ని శివరాత్రులు పోనిచ్చాను.

కర్రల గురించి మాత్రం నన్ను పోట్లాడనివ్వు. అవి అన్‌ఫిట్ అయినవాళ్ళవి కావు. కుదురెముఖ కొండమీద మాతో ఇరవై ఏళ్ళ పిల్లలు వాటితోనే నడిచారు. మేక కొండమీద ఎందుకు పడదు? కాళ్ళు నాలుగు కాబట్టి. అంతే వాటిలో ఉన్న సంగతి. ఒక కాలు జారినా తక్కినవి నేలమీదే ఉంటాయి. ఒంటి కర్ర వేరు, జత వేరు. ఒంటి కర్ర ఒక పక్కకు వంచుతుంది, జత మనిషిని మధ్యలో నిలబెడుతుంది. దయచేసి వాటిని విడదీయొద్దు. చిక్కుడుకు ఇంకో కట్టె చూడు.

నీకు మనసు లేకపోతే ఎక్కొద్దు. మొక్కు రక్షిత తీర్చినా సీతమ్మ కాదనదు.

రత్న

*

కె.జి.ఎఫ్.
14 డిసెంబరు 2024

రత్నమ్మా,

రక్షిత ఎక్కాల్సిన పని లేదు. మొక్కు నా కళ్ళకు. ఎక్కేది నా కాళ్ళు. కర్రల్లేకుండానే ఎక్కతాను, దిగతాను.

ముందు కర్ర పంపించినావు, తర్వాత కొండే వద్దన్నావు. గనిలో డాక్టరు కూడా ఇంత బిరీన అన్‌ఫిట్ రాసేవాడు కాదు.

చిక్కుడు కాపు మొదలైంది. నువ్వు దగ్గరుంటే పంపించుందును.

చిన్నాయన

*

మైసూరు
6 జనవరి 2025

చిన్నాయనా,

మూడు ఉత్తరాలు మొదలుపెట్టి చింపేశాను. ప్రతిదానిలోనూ నేనే సరి అన్నట్టు ఉంది. దీనిలో అలా ఉండకూడదని కూర్చున్నాను.

నిన్న ఇంట్లో మా పనామె బట్టలు ఆరేయడానికి నా కర్ర తీసుకుంది. పిన్నమ్మ గుర్తొచ్చి నవ్వుకున్నాను. తర్వాత ఏడ్చాను కూడా, ఎందుకో తెలియదు. వయసు అనుకుందాం.

నువ్వన్నది నిజం. పార్సెలు కట్టి అడిగాను. అడుగుతున్నానని నాకే తెలియకుండా అడిగానేమో. అందుకే ఇప్పుడు కర్రలూ మోకాళ్ళూ లేకుండా అడుగుతున్నాను. ఆ రోజు దిగేటప్పుడు నాయన నీ వెనకే ఉన్నాడు. నీకు అందేంత దగ్గరలో. నువ్వు చెయ్యి చాపావా, లేదా? ఏదైనా సరే, నాకు చెప్పు. లేదన్నా నువ్వు నాకు చిన్నాయనవే. జవాబు రాకపోతే మాత్రం నేను ఇలాగే కర్రలు పంపుతూ ఉంటాను.

శివరాత్రికి నేనూ వస్తాను. రావొద్దంటే రాను.

రత్న

*

కె.జి.ఎఫ్.
2 ఫిబ్రవరి 2025

రత్నమ్మకు,

జవాబు ఆలస్యమైంది. బేజారు చేసుకోవద్దు. రాసేదానికి ముందర ఒక పని చేయాలనిపించింది.

చిక్కుడు కాపు అయిపోయింది. కర్ర పీకినాను, కడిగినాను, బెల్లం డబ్బాదీ తీసుకున్నాను. తెల్లారే ముందే లేచి, మా ఇండ్ల లైను వెనకాల గుట్టకు పోయినాను. ఎవరూ చూడకూడదని. నువ్వు రాసినట్టే ఎక్కేదానికి పొట్టి చేసినాను, దిగేదానికి పొడుగు చేసినాను. ఎక్కేటప్పుడు ఏమీ తెలియలా. దిగేటప్పుడు మోకాళ్ళు నావేనా అనిపించింది. అంత తేలిగ్గా ఉండాయి. మళ్ళీ ఎక్కి మళ్ళీ దిగినాను, చిన్నపిల్లోని మాదిరి. ఫ్రాంక్లిన్ పాలకు పోతా చూసేసినాడు. "ఏం మామా, నాలుగు కాళ్ళు వచ్చేసినాయి" అన్నాడు. "నీకు వచ్చేదాకా నవ్వుకో" అన్నాను. ఇది నువ్వు గెలిచినావు.

ఇంగ అడిగిన దానికి.

చెయ్యి చాపినాను.

నేను ముందర, మీ నాయన వెనకాల. గుడి దిగినాక వాలుబండ ఉండాది కదా, ఆడ. అన్న కాలు జారిన చప్పుడు ఇనపడింది, అప్పుడు నా చెవులు బాగుండె. తిరిగినాను, చెయ్యి చాపినాను. అన్న నా చెయ్యి చూసినాడు. చూసి రెండు చేతులూ ఎదకాడికి లాక్కున్నాడు. అట్లనే ముడుచుకోని జారిపోయినాడు.

ఎందుకంటే చెప్తాను. గనిలో నిచ్చెన దారిలో మొదటి రోజు నేర్పించేది ఒకటే. జారినావంటే ఇంగొకడి చెయ్యి పట్టుకోవద్దు. నీతోపాటు వాడూ పోతాడు, వాడి కిందోడూ పోతాడు. చేతులు నీకాడ పెట్టుకో, పోతే నువ్వొక్కడే పో. నాకు అది నేర్పించింది మీ నాయనే. పలకమీద అక్షరాలు నేర్పించినోడే. ముప్పై ఏళ్ళు ఆ రూలులో బతికినోడు. గనిలో కింద చీకటి, అడుగు తెలియదు. వాలుబండ కింద ఏముండాది? ఒక ఆళెత్తు, మనిషంత లోతు, అంతే. నన్ను పట్టుకోనుంటే ఇద్దరం బోర్లా పడి, మోచేతులు గీరుకోని, నవ్వుకుంటా ఇంటికి వచ్చుందుము.

మీ అమ్మకు ఎందుకు చెప్పలేదంటావు. ఏమని చెప్పేది? చెయ్యి ఇస్తే మీ ఆయనే వద్దన్నాడు అనా? నామీద కోపముంటే ఆమెకు తిట్టేదానికి ఒక మనిషన్నా ఉంటాడు అనుకున్నాను. మీ పిన్నమ్మ అప్పుడే అనింది, "నువ్వు మంచోడివి కావు, మొద్దోడివి" అని.

రా. శివరాత్రికి రా. నీ కర్రలు నువ్వు తెచ్చుకో, నావి ఇయ్యను.

చిన్నాయన

*

మైసూరు
9 ఫిబ్రవరి 2025

చిన్నాయనా,

చదివాను. రెండు రోజులు ఉత్తరం బ్యాగులోనే పెట్టుకుని తిరిగాను.

అమ్మ బతికి ఉండగా నేను ఒక్కసారి అడిగి ఉంటే ఆమె నీ ఇంట్లో ఒక గ్లాసు నీళ్ళు తాగి పోయేది. ఇంతకన్నా రాయలేను.

శివరాత్రి ముందురోజు బంగారుపేటలో దిగుతాను. రక్షితకు డ్యూటీ ఉంటే స్టేషనుకు రానవసరం లేదు, దారి మరిచిపోలేదు.

రత్న

*

కె.జి.ఎఫ్.
9 మార్చి 2025

రత్నమ్మకు,

ఊరు చేరినావని రక్షిత చెప్పింది. నువ్వు రాయలేదు. రైలు ఎక్కేటప్పుడు కూడా మొఖం కిందికేసుకోనే ఉన్నావంట. ఎందుకమ్మా?

మణికట్టు వాపు తగ్గతా ఉండాది. ఎముకకు ఏమీ కాలేదని డాక్టరు చెప్పినాడు కదా, మళ్ళా మళ్ళా తలుచుకోవద్దు. మీ పిన్నమ్మ ఆముదం పట్టు వేస్తా ఉండాది. "మొక్కు కళ్ళకు తీర్చి చెయ్యి పోగొట్టుకోని వచ్చినాడు, ఇంగ చేతికి మొక్కుకుంటే కాలు పోతుంది, నేను మొక్కనే మొక్కను" అంటా ఉండాది. ఆమెకు సంతోషంగానే ఉండాది, దీపం పెట్టినామని.

ఒకటి చెప్పాలని ఈ ఉత్తరం. వాలుబండకాడ నేను జారినప్పుడు నువ్వు చెయ్యి ఎత్తినావు, మళ్ళీ వెనక్కు తీసుకున్నావు. నేను చూసినాను. మంచి పని చేసినావు. పట్టుకోనుంటే ఇద్దరం పోయుందుము. ఎవరూ నేర్పించకుండానే మీ నాయన రూలు నీకు వచ్చింది. రక్తంలో ఉండాది అనుకున్నాను. ఆ బండమీద కూలబడి, నొప్పి ఉన్నా, నాకు మీ నాయనే ముందర నిలబడినట్టు ఉండె.

కర్ర లేకుంటే ఇంకా కిందికి పోయుందును. అది అడ్డం పడి ఆపింది. నీ కర్రలు మంచివే.

చిన్నాయన

*

మైసూరు
20 మార్చి 2025

చిన్నాయనా,

దిగాక మనం దాని గురించి ఒక్క మాటా మాట్లాడుకోలేదు. నీ చేతికి నా చున్నీ కట్టి, కింద మనకోసం నిలబడిన రక్షిత భుజం నీకు ఆసరాగా ఇచ్చి, ముగ్గురం జాతరలో బొరుగులు కొనుక్కుని వచ్చేశాము. అందుకే నీకు తెలిసినదే నేను మళ్ళీ రాస్తున్నాను, నావైపునుంచి.

నేను ముందు, నువ్వు వెనక. ఆ వరస నేనే కోరుకున్నాను. నువ్వు నాయన ముందు నిలబడిన చోట నేను నిలబడి చూడాలనుకున్నాను, ఎందుకని అడక్కు. ఎక్కినంతసేపూ బాగుంది. కర్రలు రాతిమీద టక్కు టక్కుమంటుంటే నువ్వు వినలేకపోయినా అరచేతిలో తెలుస్తోందన్నావు. నేను పుట్టినప్పటినుంచీ అంత సంతోషంగా నువ్వు నడవడం చూడలేదు.

వాలుబండ దగ్గర నీ కాలు జారింది. నేను తిరిగి చెయ్యి ఎత్తాను. చెయ్యి పట్టీలో ఉంది కదా, చేతితోపాటు కర్ర కూడా లేచింది. దాని మొన నేరుగా నీ మొఖంవైపు, ఆపరేషన్ అయిన కంటివైపు వచ్చింది. వెనక్కు తీసుకున్నాను. ఆ లోపల నీ కర్ర బండల సందులో ఇరుక్కుంది. నీ చెయ్యి పట్టీలోంచి రాలేదు, మణికట్టు మెలిపడింది, నువ్వు కూలబడ్డావు.

బండలు వచ్చినచోట పట్టీల్లోంచి చేతులు తీసేయాలి, కర్రలు ఒక చేత్తో పట్టుకుని రెండో చెయ్యి ఖాళీగా ఉంచుకోవాలి. మా గుంపును నడిపే ఆయన ప్రతి కొండ దగ్గరా చెప్పే మాట అది. నీకు కర్ర పొడుగూ పొట్టీ రాశాను, భుజాలూ మోకాళ్ళూ రాశాను, మేకను కూడా రాశాను. ఆ ఒక్క మాట రాయలేదు. ఆ రోజు నా చేతులూ పట్టీల్లోంచి తీయలేదు. ఇంకొకరి చెయ్యి అక్కర్లేదని ఎంత గట్టిగా నమ్మానో చూడు.

నువ్వు నన్ను మెచ్చుకుంటూ రాశావు. నాయన రూలు నాకు వచ్చిందని. ఆ మెప్పు నేను తీసుకోలేను. నాకు ఏ రూలూ రాదు. నువ్వు పైనుంచి చూసింది, చెయ్యి ఎత్తి వెనక్కు తీసుకున్న మనిషిని. దానికి నువ్వొక మంచి కారణం వెతికి ఇచ్చావు. ఇక్కడే నాకు దిగులు మొదలైంది. నాయన చేతులు ఎదకు లాక్కున్నప్పుడు కూడా నువ్వు చూసింది చేతుల్నే. కారణం నువ్వు ఇచ్చావు. అది నిజమే కావచ్చు. గనిలో నువ్వు ఆయనతో బతికావు, నేను బతకలేదు. అయినా ఒక మనిషి చెయ్యి వెనక్కు పోయినప్పుడు అది ఎందుకు పోయిందో ఎదుటివాడికి తెలుస్తుందా? నాది ఎందుకు పోయిందో నాకే తెలియనప్పుడు?

కర్రలు ఇక వాడొద్దని రాయను. గుట్టమీద మట్టిదారిలో వాడు, పొద్దున్నే, ఫ్రాంక్లిన్ ఏమన్నా సరే. బండలు కనబడితే చేతులు తీసెయ్యి. ఈసారి మరచిపోకుండా రాస్తున్నాను. అవి లేకపోతే ఇంకా కిందికి పోయేవాడినన్నావు. అవి లేకపోతే నా చెయ్యి నీకు అందేది కూడా. ఈ రెండిటిలో ఏది ఎక్కువో లెక్క తేల్చాలని రోజూ కూర్చుంటున్నాను.

పిన్నమ్మ చేతి నీళ్ళు తాగాను, ఆ రోజు వచ్చీరాగానే. ఆమె చెంబు ఇచ్చి నా మొఖం చూసింది, నేను ఆమె మొఖం చూడలేదు. అమ్మ తరఫున కూడా తాగాననుకో అని చెప్పాలనుకున్నాను, చెప్పలేదు. నువ్వు చెప్పు.

చెయ్యి వెనక్కు తీసుకున్నది మొన నీ కంట్లో గుచ్చుకుంటుందనా, నువ్వు నన్నూ లాగేస్తావనా? మైసూరు చేరేదాకా రైల్లో ఇదే ఆలోచించాను. మొదటిదే అని చెప్పుకుంటాను. రెండోది కాదని చెప్పలేకపోతున్నాను. నాకు తేలలేదు చిన్నాయనా.

రత్న